‘థ’లో చుక్క నిలబెట్టిన పెన్ను

రాజమండ్రిలో లేత్ యంత్రం మీద చేత్తో చేసిన నల్లని ఎబొనైట్ (గట్టి రబ్బరు) పెన్ను ఒకటి నిరుడు శ్రావణమాసంలో కొన్నాను. ధర 1,400 రూపాయలు. దాన్ని వాడేది నేను కాదు, మా పెద్దమ్మ. ఆమెకు 81 ఏళ్ళు, తెనాలిలో ఉంటుంది. పదిహేనో ఏట ముఖానికి రంగు పూసుకుని, 1991లో ఆఖరిసారి కడిగేసుకున్న రంగస్థల నటి. ఇప్పుడు ఆమె వ్యాపకమంతా ఉత్తరాలు రాయడమే. రోజుకు ఒకటి రాస్తుంది, మనసు బాగుంటే రెండు. పద్నాలుగు నెలలుగా ఆ పెన్ను దాదాపు రోజూ కాగితం మీద నడుస్తూనే ఉంది కాబట్టి దాని గుణమూ దోషమూ రెండూ చెప్పగలను. ఇంట్లో ఇంకా ఉత్తరం రాసే పెద్దవాళ్ళు ఉండి, వాళ్ళకు ఏం కొనివ్వాలో తెలియక తిరుగుతున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

పెన్ను చేసినాయన పేరు మాత్రం రాయడం లేదు. ఒక గది, ఒక లేత్, ఒక్కరే మనిషి. చేతిలో ఉన్న పనే నెలన్నరకు సరిపోతుందని, పేరు బయట పెట్టవద్దని ఆయనే కోరారు. రాజమండ్రిలో ఈ పని తెలిసినవాళ్ళు దొరకడం కష్టం కాదు. రాజమండ్రి పెన్ను అనగానే పాతవాళ్ళకు రత్నం పెన్ను గుర్తుకు వస్తుంది. కె.వి. రత్నం గారు 1932లో అక్కడ స్వదేశీ పెన్నుల తయారీ మొదలుపెట్టారు. అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘానికి చెందిన కుమారప్ప గారి ద్వారా అందిన పెన్నును వాడి చూసి, బజారులో కనిపించే విదేశీ పెన్నులకు ఇది మంచి బదులని గాంధీజీ 1935లో ఆయనకు ఉత్తరం రాశారు. ఆ సంగతి చెబితే పెద్దమ్మ, “ఆ ఉత్తరం ఆ పెన్నుతోనే రాసి ఉంటారు. లేకపోతే ఆ మెప్పుకు విలువేముంది?” అంది. ఆ మాట విన్నాకే రాజమండ్రి వెళ్ళాలని నిశ్చయించుకున్నాను.

అసలు పెన్ను అవసరం ఎందుకు వచ్చిందో చెప్పాలి. పెద్దమ్మ కుడిచేతి వేళ్ళ కణుపులు వాచి ఉంటాయి. బాల్ పెన్ను నొక్కి రాస్తేనే పడుతుంది. నాలుగు వరుసలు రాసేసరికి బొటనవేలు మొదట్లో పోటు మొదలవుతుంది, ఆమె పెన్ను కింద పెట్టి చెయ్యి విదిలించుకుంటుంది. ఆరు పేజీల ఉత్తరాలు ఒక పేజీ అయ్యాయి, తర్వాత కార్డు ముక్కలయ్యాయి. చివరికి ఒకరోజు నాకు ఫోను చేసి, “అమ్మాయీ, నేను చెబుతాను, నువ్వు రాసి పంపు” అంది. అలా మూడు ఉత్తరాలు నా చేత్తో రాసి విజయవాడలో పోస్టు చేశాను. మూడోదానికి గుంటూరు నుంచి జవాబు వచ్చింది. “మాటలు నీవే. పలికింది మాత్రం ఎవరో. ఇలా అయితే రాయవద్దు, నేను ఎదురుచూడటం మానుకుంటాను.”

ఆ గుంటూరు మనిషి ఎవరో తెలిస్తే గానీ ఆ జవాబు బరువు తెలియదు. కాంట్రాక్టు నాటకాల రోజుల్లో ఒకే పాత్రను ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు పంచుకునేవారు. ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని కరపత్రాల మీద అచ్చువేసేవారు. కాంట్రాక్టరు ఒక్కో ఊరి నుంచి ఒక్కో పేరున్న నటుణ్ణి పిలిపించేవాడు. హరిశ్చంద్ర నాటకానికి అయితే వారణాసి సీను ఒకరు కట్టేవారు, కాటి సీను మరొకరు. గుంటూరు ఆమె వారణాసి సీను చంద్రమతి. మా పెద్దమ్మ కాటి సీను చంద్రమతి. ఎన్నో రాత్రులు ఒకే తెర వెనక, ఒకే అద్దం ముందు రంగు వేసుకున్నారు గానీ వేదిక మీద ఒక్కసారి కూడా ఎదురుపడలేదు. ఒకరు దిగితేనే ఇంకొకరు ఎక్కాలి. దిగినామె చెమట తుడుచుకుంటూ ఉండగా ఎక్కేవారికి హార్మోనియం శ్రుతి అందుకునేది. మాట్లాడుకునే తీరిక ఎక్కడిది? వాళ్ళిద్దరి కబుర్లన్నీ ఏ రాత్రి రంగు ఆ రాత్రి కడిగేసిన తర్వాతే, ఉత్తరాల్లోనే జరిగాయి. పెద్దమ్మ ఉత్తరం మొదలు ఎప్పుడూ ఒకటే: “మొదటి చంద్రమతికి రెండో చంద్రమతి నమస్కారాలు. ఉభయకుశలోపరి.”

ఫోను చేసుకోవచ్చు కదా అని నన్ను చాలామంది అడిగారు. గుంటూరు ఆమెకు చెవులు దాదాపు వినిపించవు. కళ్ళు మాత్రం శుక్లాల ఆపరేషన్ తర్వాత చక్కగా పనిచేస్తున్నాయి. ఆమెకు పెద్దమ్మ గొంతు అందే దారి కాగితం ఒక్కటే. అందుకే అక్షరం పెద్దమ్మదే కావాలని అంత పట్టుదల. కొనబోయే వస్తువును నేను ఆ పట్టుదలతోనే తూచాను, ఇప్పుడూ అలాగే తూస్తున్నాను.

మొదట తొందరపడి 3,500 పెట్టి ఒక విదేశీ పెన్ను కొన్నాను. పైనంతా లోహం, మెరుపు బాగుంది. తెనాలిలో డిసెంబరు పొద్దున అది చేతిలోకి తీసుకుంటే చల్లగా కొరికినట్టు ఉండేది. వేళ్ళు పట్టుకునే చోట నున్నగా జారేది, జారకుండా పట్టుకోవాలంటే బిగించాలి, బిగిస్తే మళ్ళీ అదే పోటు. ఇప్పుడది నా బ్యాంకు పనులకు పనికివస్తోంది.

ఎబొనైట్ అంటే రబ్బరులో గంధకం బాగా కలిపి, వేడిమీద ఉడికించి గట్టిపరిచిన పదార్థం. రంపంతో కోయవచ్చు, లేత్ మీద చెక్కవచ్చు, సానపెడితే గాజులా మెరుస్తుంది. చేతిలోకి తీసుకున్న క్షణానికే ఒంటి వేడి అందుకుంటుంది. తేలికగా ఉంటుంది. వేళ్ళు పట్టే చోట లావుగా కావాలన్నా, సన్నగా కావాలన్నా చేసేవారు అక్కడికక్కడే చెక్కి ఇస్తారు. పెద్దమ్మ కోసం చేసినది మామూలు పెన్ను కంటే బాగా లావు, ఇంచుమించు ఆమె బొటనవేలంత. లావు పెన్నుకు వేళ్ళు అంతగా ముడుచుకోనక్కర్లేదు, అందుకని కణుపుల మీద భారం తగ్గుతుంది. కొత్తలో మూత తీస్తే గంధకం వాసన వచ్చేది. నాకు నచ్చలేదు గానీ పెద్దమ్మ ముక్కు దగ్గర పెట్టుకుని, “ఇది తెర పక్కన మతాబు వాసనే” అంది. దేవుడు ప్రత్యక్షమయ్యే చోట వాళ్ళ నాటకాల్లో మతాబులు వెలిగించేవారట. రెండు నెలలకు ఆ వాసన పోయింది. పోయిందని ఆమె కొంచెం బాధపడింది కూడా.

రాజమండ్రి నేను ఒక్కదాన్నే వెళ్ళాను. అదే నేను చేసిన తప్పు. పాత వీధిలో కిందిగది, గుమ్మంలో నల్లటి తురుము, లోపల లేత్. అరవై దాటిన ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, “ఎవరికి అమ్మా?” అని అడిగారు. చెప్పాను. “ఆమె రాసిన కాగితం తెచ్చారా?” లేదన్నాను. “పెన్ను నిలువుగా పట్టుకుంటారా, వాల్చి పట్టుకుంటారా? కుడికి వాలుతుందా, ఎడమకా?” ఒక్క ప్రశ్నకూ నాకు సరైన జవాబు రాలేదు. చిన్నప్పటి నుంచి ఆమె రాస్తుంటే పక్కన కూర్చున్నదాన్ని, ఎలా పట్టుకుంటుందో ఒక్కసారి కూడా చూడలేదని ఆ గదిలో నిలబడి ఉండగా తెలిసింది. పెద్దవారు కదా, చేతికి హాయిగా జారాలి అని నేనే లావు పాళీ (నిబ్బు) వేయమన్నాను. ఆయన ఒకసారి ఆగి, “తెలుగుకు లావు పాళీ అంటే ఆలోచించుకోండి” అన్నారు. నేను ఆలోచించుకోలేదు.

ఎబొనైట్ కడ్డీ లేత్‌కు బిగించి, ఉలి ఆనిస్తే నల్లని తురుము రిబ్బనులా చుట్టలు చుట్టుకుంటూ రాలింది. గొట్టం లోపల తొలవడం, మరలు కోయడం, మూత సరిపోయిందో లేదో పదిసార్లు తిప్పి చూడటం, చివరికి మెత్తని గుడ్డతో మెరుగు పెట్టడం. మధ్యాహ్నం భోజనానికి లేచింది పోను, దాదాపు నాలుగు గంటలు పట్టింది. నేను స్టూలు మీద కూర్చుని చూస్తూ ఉండిపోయాను. దుకాణంలో అద్దాల బల్ల కింద నుంచి తీసి ఇచ్చే పెన్నుకు, కళ్ళ ముందు కడ్డీగా ఉండి పెన్నుగా లేచిన దానికి నా మనసులో చాలా తేడా ఉంది. అది నా అభిమానం అనుకోండి. పాళీ పనిలో మాత్రం అభిమానానికి తావు లేదు, అక్కడే నా ఎంపిక దెబ్బతిన్నది.

పెద్దమ్మ మొదటి రోజు పదకొండు వరుసలు ఆపకుండా రాసింది. పోటు లేదు. నాకు కళ్ళు చెమర్చాయి. రెండు వారాలకు గుంటూరు నుంచి ఇన్లాండ్ కవరు వచ్చింది. అందులో పెద్దమ్మ రాసిన మాటలే నాలుగు ఎత్తి రాసి, చుట్టూ గుండ్రంగా గీతలు గీసి పంపింది ఆవిడ. కథ, వ్యథ, రథం, మిథ్య. కింద ఒకే వాక్యం: “పళ్ళు ఊడాయా నీకు, ‘థ’ పలకడం మరిచావు?”

లావు పాళీ గీసే గీత మందంగా ఉంటుంది. మన అక్షరాలు గుండ్రనివి, కడుపులో చోటు తక్కువ. ‘థ’ కడుపులోని చుక్క సిరాలో కలిసిపోయి ‘ధ’ అయింది. గుడి, గుడిదీర్ఘం ఒకలాగే కనిపించాయి. వత్తులు కింది వరుస తలకట్ల మీదికి దిగాయి. వేరేవాళ్ళకు ఇది చిన్న విషయం. కథను కధ అని రాసేవాళ్ళు ఊరంతా ఉన్నారు. పెద్దమ్మకు చిన్న విషయం కాదు. పద్యం నేర్పిన గురువు అరచెయ్యి నోటి ముందు పెట్టించి, ‘థ’ పలికితే ఊపిరి చేతికి తగలాలి, తగలకపోతే మళ్ళీ అనాలి అని పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టేవారట. మైకు సరిగా లేని ఊళ్ళో ఆఖరి వరుసలో నేల మీద కూర్చున్న మనిషికి కూడా వత్తు వినపడాలని ఆ శిక్షణ. అలా పలికిన మనిషి కాగితం మీద తప్పు పలికినట్టయింది. ఆ రోజు ఆమె అన్నం సరిగా తినలేదు. పెన్ను బాగాలేదని అనలేదు. తన చెయ్యి బాగాలేదని అనుకుంది. నాకు ఎక్కువ బాధ కలిగించింది అదే.

ఈసారి పెద్దమ్మ రాసిన రెండు పేజీలు, ఆమె రాస్తుండగా చేతికి తీసిన ఫోటోలు, పెన్నుతోపాటు పార్సెల్‌లో పెట్టి రాజమండ్రి పంపాను. పన్నెండో రోజున తిరిగి వచ్చింది. లావు పాళీ తీసేసి సన్న పాళీ వేశారు, డబ్బు తీసుకోలేదు. పాళీ మొనను చాలా సన్నని గరుకు కాగితం మీద ఆమె వాలుకు తగినట్టు తిప్పి అరగదీశారట. పెట్టెలో ఒక చీటీ ఉంది. దాని మీద ఆ పాళీతోనే ఆయన రాసిన ఒకే వరుస: ద ధ థ, ద ధ థ, ద ధ థ. ప్రతి ‘థ’లోనూ చుక్క విడిగా, ఆవగింజలా నిలబడి ఉంది. పెద్దమ్మ ఆ చీటీని దేవుడి గూట్లో పెట్టింది.

ఈ సమీక్షలో ఒక్క మాటే గుర్తుపెట్టుకుంటానంటే ఇది గుర్తుపెట్టుకోండి: తెలుగు రాసేవారికి సన్న పాళీ. ఇంగ్లీషు సంతకాలకు లావు పాళీ అందంగానే ఉంటుంది, మన వత్తులకు అది పనికిరాదు. కొనడానికి వెళ్ళేటప్పుడు రాసే మనిషిని తీసుకెళ్ళండి. వీలుకాకపోతే ఆమె రాసిన కాగితమైనా తీసుకెళ్ళండి.

సిరా సంగతి. ఈ పెన్నుకు కార్ట్రిడ్జీ, అంటే సిరా నింపి వచ్చే చిన్న గొట్టం, ఉండదు. గొట్టం విప్పి డ్రాపరుతో సిరా నేరుగా పోయాలి. మూడు మిల్లీలీటర్లకు పైగా పడుతుంది. చిన్న కార్ట్రిడ్జీలో ఒక మిల్లీలీటరు కూడా పట్టదు. అంటే ఒకసారి నింపితే పెద్దమ్మకు పది పన్నెండు రోజుల ఉత్తరాలు. రేపల్లె వైపు నుంచి ఒక రిటైరైన బడిపంతులు గారు రాసిన ఉత్తరానికి ఆమె ఆరు పేజీల జవాబు ఒక్క కూర్చోవడంలో రాసింది, మధ్యలో సిరా కోసం లేవలేదు. ఆయన చిన్నప్పుడు వాళ్ళ ఊరి జాతరలో పెద్దమ్మ కాటి సీను చూశారట. పాము కరిచి చనిపోయిన లోహితాస్యుడు ఆమె ఒడిలో నిజంగానే నిద్రపోయాడని, సీను అయిపోయాక కూడా లేవకపోతే ఆమె అలాగే భుజాన వేసుకుని లోపలికి వెళ్ళిందని, పదేళ్ళ పిల్లవాడిగా తాను అది చూసి ఆ అబ్బాయి నిజంగా చచ్చిపోయాడనుకుని రాత్రంతా ఏడ్చానని రాశారు. ఆ అబ్బాయి ఎవరు, ఇప్పుడు ఎక్కడ ఉన్నాడు అని అడిగారు. పెద్దమ్మకు ఊరు గుర్తుంది, అబ్బాయి గుర్తు లేడు. ఆమె ఊరుకోలేదు. నరసరావుపేటలో ఉన్న హార్మోనిస్టుకు రాసింది. ఆయన ఎప్పుడూ ఏ ఊళ్ళో ఏ రాత్రి శ్రుతి నాలుగా, నాలుగున్నరా అన్న వాదం తప్ప ఇంకో విషయం రాయరు, ఈసారి మాత్రం రాశారు: మేకప్ వేసే ఆయన కొడుకై ఉంటాడు అని. నాలుగు ఉత్తరాల తర్వాత మనిషి దొరికాడు. ఆర్టీసీలో పనిచేసి రిటైరయ్యాడు, మనవరాలు ఉంది. “అమ్మా, నిద్రపోలేదు. మీరు ఏడుస్తుంటే నాకు లేవాలనిపించలేదు” అని రాశాడు. ఆ ఉత్తరాన్ని పెద్దమ్మ యథాతథంగా తన చేత్తో ఎత్తి రాసి రేపల్లె పంపింది. ‘యథాతథం’ అనే మాట కూడా ఆ ఉత్తరంలో ఉంది. రెండు చుక్కలూ కనిపించాయి, నేను చూశాను.

సిరా రంగులో నేను ఇంకో తప్పు చేశాను. చూడటానికి బాగుందని ఉతికితే పోయే రకం నీలి సిరా తెచ్చాను. నిరుడు వాయుగుండం పట్టిన వారంలో గుంటూరు వెళ్ళిన ఇన్లాండ్ కవరు దారిలో ఎక్కడో తడిసింది. చేరేసరికి సగం పేజీ నీలి చెరువు. ఆవిడ చదవగలిగిన మాటలు చదివి, చదవలేని చోట్ల పెన్సిలుతో ‘ఇక్కడేమన్నావు?’ అని రాసి, ఆ కవరునే ఇంకో కవరులో పెట్టి తిరిగి పంపింది. పెద్దమ్మ ఖాళీలన్నీ పూరించి మళ్ళీ పంపింది. అప్పటి నుంచి నీటికి చెదరని నీలినలుపు సిరానే వాడుతున్నాం. బుడ్డి మీద పర్మనెంట్ అని ఉందో లేదో చూసి కొనండి. పెద్దమ్మ ట్రంకుపెట్టెలో 1970ల నాటి ఉత్తరాలు ఉన్నాయి. నీలినలుపుతో రాసినవి ఇప్పటికీ చదవగలిగేలా ఉన్నాయి, ఉత్త నీలివి వెలిసి కళ్ళు చికిలించుకుంటే గానీ కనిపించడం లేదు. అయితే నీలినలుపు వాడితే పెన్నును నెలకొకసారి మామూలు నీళ్ళతో కడగాలి, లేకపోతే పాళీ కింద ఆనుకుని ఉండే నల్లని నాలుకలోని సన్న గాడిలో సిరా గట్టిపడి దారి మూసుకుపోతుంది. నేను తెనాలి వెళ్ళిన ప్రతిసారీ చేసే మొదటి పని అదే.

ఇక దోషాలు. మొదటిది బొట్లు. గొట్టంలో సిరా తగ్గేకొద్దీ గాలి చేరుతుంది. చేతి వేడికి ఆ గాలి వ్యాకోచించి మిగిలిన సిరాను ముందుకు తోస్తుంది. అప్పుడు పాళీ నుంచి పెద్ద బొట్టు టపుక్కున పడుతుంది. ఇది ఈ ఒక్క పెన్ను లోపం కాదు, డ్రాపరుతో నింపే పెన్నుల్లో చాలావాటికి ఉన్నదే. మూడోవంతు మిగిలి ఉండగానే మళ్ళీ నింపేస్తే చాలావరకు తప్పుతుంది. ఒకసారి నింపడం ఆలస్యమై, భర్త పోయిన ఒక స్నేహితురాలికి రాస్తున్న ఉత్తరం మీద బొట్టు పడింది. పెద్దమ్మ ఆ కాగితం మార్చలేదు. బొట్టు పక్కన, “ఇది సిరా. నాది వేరే ఉంది, అది కాగితం మీద పడనివ్వలేదు” అని రాసి పంపింది.

రెండో దోషం నా దృష్టిలో పెద్దది. మూత స్క్రూలా తిప్పి తీసే రకం. తీయడానికి మూడున్నర చుట్లు తిప్పాలి. వాచిన వేళ్ళకు అది ఒక శిక్ష. నున్నగా మెరుగు పెట్టిన ఎబొనైట్ మీద పట్టు దొరకదు. మొదట్లో ఆమె మూత తీసి పక్కన పెట్టేసి, మళ్ళీ పెట్టకుండా వదిలేసేది. పాళీ ఎండిపోయి మర్నాడు పలికేది కాదు. మూత చుట్టూ రబ్బరు బ్యాండు నాలుగు మడతలు చుట్టాను, ఇప్పుడు సులువుగా తిరుగుతోంది. చూడటానికి బాగాలేదు, పని జరుగుతోంది. ఆయనకు ఫోను చేసి చెబితే, ఇకమీద పెద్దవాళ్ళకు చేసే వాటి మూత మీద సన్న గీతలు చెక్కుతానని, చుట్లు కూడా తగ్గిస్తానని అన్నారు. కొనేవాళ్ళు ముందే అడగండి. క్లిప్పు కూడా అంత గట్టిది కాదు, కానీ పెద్దమ్మకు జేబు లేదు కాబట్టి దాని గురించి పట్టించుకోలేదు. కిటికీ పక్కన ఎండలో పెట్టడం వల్ల నలుపు వెలిసి కొంచెం ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగులోకి తిరిగింది. ఎబొనైట్ గుణం అది. ఎండ తగలని చోట పెట్టుకోవడం మేలు.

కాగితం విషయంలో పెద్దగా చెప్పడానికి లేదు. ఇన్లాండ్ కవరు 2.50 రూపాయలు, కార్డు 50 పైసలు. ఇన్లాండ్ కాగితం పల్చన, లావు పాళీ సిరా వెనక్కి దిగేది, సన్న పాళీ దిగడం లేదు. కార్డు మీద గీత కొద్దిగా పాకుతుంది, అయినా చదవడానికి అడ్డం లేదు.

కార్డుల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెబుతాను. మన వైపు మరణవార్త తెచ్చే అశుభం కార్డు వస్తే చదివి వెంటనే చింపేస్తారు, ఇంట్లో ఉంచరు. పెద్దమ్మ చింపదు. ట్రంకుపెట్టెలో ఒక్కొక్కరి ఉత్తరాల కట్ట ఉంది, దారంతో కట్టి. ఎవరి కార్డు వస్తే అది వాళ్ళ కట్టలో అన్నిటికంటే పైన పెట్టి, దారం ముడి మళ్ళీ వేస్తుంది. ముందు వాటిని ఎందుకు ఉంచుతున్నావు పెద్దమ్మా అని అడిగాను. “నాటకం కట్ట విప్పితే ఆఖరి కాగితం కూడా ఉండాలి కదమ్మాయీ” అంది. పెన్ను వచ్చాక నాలుగు కట్టలకు అలా ఆఖరి కాగితం చేరింది. నరసరావుపేట హార్మోనిస్టు కట్ట వాటిలో ఒకటి. ఆయన కొడుకుకు పెద్దమ్మ రాసిన ఉత్తరంలో ఆఖరి వాక్యం, “ఆ రాత్రి శ్రుతి నాలుగున్నరే. నేనే తప్పు.”

అయిదుకు ఎన్ని ఇస్తావని అడిగితే నాలుగు ఇస్తాను. తగ్గించిన ఆ ఒకటి మూత కోసం. రోజూ సంచిలో వేసుకుని తిరిగేవాళ్ళకు, రెండు వారాలకొకసారి సంతకం చేసేవాళ్ళకు ఇది వద్దు, సిరా ఎండుతుంది, సంచి పాడవుతుంది. ఒకే చోట కూర్చుని, ఒకే బల్ల మీద, రోజూ పేజీలు రాసేవాళ్ళకు దీనికి మించినది నాకు తెలిసి లేదు. బాగుచేయడానికి చేసిన మనిషే ఉన్నారు, అది కూడా ధరలో భాగమే అనుకోండి.

పోయిన నెల గుంటూరు ఆమె తనకూ అలాంటిదే కావాలని రాసింది. ఎప్పటి నుంచో కోడలి బాల్ పెన్నుతో రాస్తోందట. రాజమండ్రి ఆయన చేతిరాత నమూనా అడుగుతారని నేను చెబితే, పెద్దమ్మ ట్రంకుపెట్టె తీసి 1974 నాటి ఉత్తరం ఒకటి ఇచ్చింది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. దాన్ని ఫోటో తీసి పంపితే ఆయన, “ఇది అప్పటి చెయ్యి అమ్మా. ఇప్పటి చెయ్యి కావాలి” అన్నారు. గుంటూరుకు రాశాం. మొన్న మంగళవారం జవాబు వచ్చింది, ఒక తెల్ల కాగితం మడత. గీత వణికింది, వరుస కిందికి జారింది. పేజీ నిండా ఒకే మాట, ఇరవై ఏడుసార్లు: కథ. ప్రతిదాని కడుపులోనూ చుక్క ఉంది. ఆ కాగితం నిన్ననే రాజమండ్రి పంపాను. సన్న పాళీ, మూత మీద గీతలు, రెండు చుట్లకే రావాలి అని విడిగా రాశాను.